నన్ను విడిపించమని మొక్కుకున్న ఊరు

"బతకలేక బడిపంతులు" అనే సామెత మా మారిషస్‌లో పుట్టింది కాదు. మా ముత్తాతల వెంట ఓడలో వచ్చిందీ కాదు. వాళ్లతో బయల్దేరి ఉంటే దారిలోనే సముద్రంలో పడి ఉంటుంది, పీడా పోయింది. దాన్ని మా చెవిన వేసింది ఆంధ్రదేశం నుంచి వచ్చిన ఒక పంతులుగారు. మాలాంటి టీచర్లకి శనివారాలు తెలుగు నేర్పేవాడాయన. మొదటి రోజే నవ్వుతూ ఆ సామెత బోర్డు మీద రాసి, అందరిచేతా పైకి చదివించాడు. మేం బుద్ధిగా చదివాం. ఉచ్చారణ బాగుందని మెచ్చుకున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. వేల మైళ్లు ప్రయాణం చేసి వచ్చిన మనిషి, తన పని గురించి తనే ఇంత మాట అనుకోవడానికా వచ్చింది?

ఇప్పుడు నాకు వయసు మళ్లింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు వచ్చి, "మిస్, ఈ పనిలో ఏముందని ఇన్నేళ్లు చేశారు?" అని జాలిగా అడుగుతారు. ఆ జాలి చూస్తే చాలు, నాకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. బతకడం చేతకాక నేనీ పనిలోకి రాలేదు. బతకడం నాకు బాగానే తెలుసు. ఉన్నదాంట్లో పై మెట్టు మీద ఉండి, అందరూ ఛీ అన్న మెట్టుకి నేనే దిగాను. ఎందుకు దిగానో చెప్తాను, వినండి.

ఆ రోజుల్లో నేను కార్తియే మిలితేర్‌కి దగ్గర్లో ఒక ప్రైమరీ స్కూల్లో ఆరో క్లాసు టీచర్ని. ఆరో క్లాసంటే మాటలు కాదు. పిల్లలు స్కాలర్షిప్ పరీక్ష రాసే క్లాసు అది. అది ఎవరి చేతిలో ఉంటే స్కూల్లో వాళ్ల మాటే చెల్లుతుంది. మా హెడ్‌మాస్టర్ దాన్ని నాకిచ్చినప్పుడు చాలామందికి కళ్లు కుట్టాయి, ఎందుకంటే అంతకుముందు ఆ స్కూల్లో ఏ ఆడమనిషికీ ఆ క్లాసు ఇవ్వలేదు. ఊళ్లో లాబుతిక్ నడిపే మామ, అంటే మాకు దూరపు చుట్టం, నేను సరుకులకి వెళ్తే కొట్లోంచి స్టూలు తెచ్చి వేసేవాడు. అమ్మ అయితే దారిన పోయేవాళ్లని పిలిచి మరీ, "మా అమ్మాయి సిజియెమ్ చెప్తుంది" అనేది. సిజియెమ్ అంటే ఆరో క్లాసే. అమ్మకి ఫ్రెంచిలో వచ్చిన అంకె అదొక్కటే అనుకుంటాను.

ఇక మా టీచర్ల గది సంగతి. మధ్యాహ్నం గంట కొట్టగానే అందరం అక్కడ చేరేవాళ్లం. రొట్టెలో కూర పెట్టుకుని తింటూ, టీ తాగుతూ, అందరూ మాట్లాడేది ఒకటే: ఈ పనిలోంచి ఎలా బయటపడాలి. దేశానికి రేపో మాపో స్వాతంత్ర్యం వస్తుందని అందరికీ తెలుసు. కొత్త ఆఫీసులు వస్తాయి, తెల్లవాళ్ల కుర్చీలు ఖాళీ అవుతాయి. ఎవరి బావమరిది ఏ ఆఫీసులో గుమాస్తా అయ్యాడో, ఎవరి తమ్ముడు ఇంగ్లండులో నర్సు శిక్షణకి వెళ్లాడో, అవే కబుర్లు. "కి పు ఫెర్" అనేవాళ్లు చివర్లో, ఏం చేస్తాం అని. ఆ గదిలో దేవుడి పేరు కన్నా ఆ మాటే ఎక్కువ వినపడేది.

అందరికన్నా ముందుండేది ఐదో క్లాసు మాస్టారు. సాంత్ర్ ద ఫ్లాక్ నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు, వానాకాలంలో కూడా టై కట్టుకుని. మనిషి మంచివాడే, చదువు బాగా చెప్తాడు, పిల్లలకి ఆయనంటే ప్రాణం. కానీ నోరు తెరిస్తే లండనే.

"దేశం స్వతంత్రం అవుతుంది, మిస్. మనకి మాత్రం ఈ సుద్ద నుంచి స్వతంత్రం లేదు," అనేవాడు. "నేను పోతా. ముసలోళ్ల పక్కలు సర్దుతా, మందు పోస్తా. ఈ బడి, ఈ లెకోల్ మాత్రం ఇక వద్దు."

"పక్కలు సర్దడం గౌరవం, చదువు చెప్పడం అగౌరవమా?" అని అడిగాను ఒకసారి.

"అక్కడ పక్కలు సర్దితే ఇక్కడ మన ఫొటో గోడకి పెడతారు. ఇక్కడ చదువు చెప్తే మన మొహం మీదే పిల్లని ఇవ్వం అంటారు," అన్నాడు. గదంతా నవ్వింది. నాక్కూడా నవ్వొచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. అయినా నవ్వాక కోపమే మిగిలింది.

ఊళ్లో రొట్టెలు కాల్చేవాడు తన రొట్టెని తిట్టుకోవడం నేను వినలేదు. చెరకు నరికేవాళ్లు ఎండని తిడతారు, పని చేయించే సర్దారుని తిడతారు, కానీ చేను శుభ్రంగా నరికితే అది చూసి మీసం మెలేస్తారు. మావాళ్లే తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లు. పైగా బహుమతుల పండుగ రోజున వీళ్లే మెడలో దండ వేయించుకుని, "ఇది పవిత్రమైన వృత్తి" అని ఉపన్యాసం ఇస్తారు. నాకు ఆ తిట్టూ వద్దు, ఈ దండా వద్దు. రెండూ ఒకటే. పనిని పనిగా చూడలేనివాళ్లే ఒకరోజు దాన్ని నెత్తిన పెట్టుకుంటారు, మిగతా రోజులు కాలి కింద వేస్తారు.

అలాంటి గదిలోకి కూడా ఎప్పుడూ రాని టీచరు ఒకడుండేవాడు. తెలుగు టీచరు. ఆయనకి ఒక స్కూలంటూ లేదు. పొద్దున మా దగ్గర, తర్వాత బస్సెక్కి ఇంకో ఊళ్లో, అలా తిరిగేవాడు. క్యాథలిక్ పిల్లలు ప్రార్థన పాఠానికి వెళ్లే వేళలో హిందీ పిల్లలకి ఒక గది ఇచ్చేవాళ్లు. తెలుగు పిల్లలు పిడికెడుమందే కాబట్టి వాళ్లకి లావరాంగ్ చాలన్నారు. లావరాంగ్ అంటే వరండా. రేకు చూరు కింద సిమెంటు గచ్చు, గోడకి ఆనించిన చిన్న బోర్డు, అంతే. దాన్ని ఎవరూ తెలుగు క్లాసు అనేవాళ్లు కాదు. "లావరాంగ్ పిల్లలు" అనేవాళ్లు, మాస్టారిని "లావరాంగ్ మిస్యే" అనేవాళ్లు.

ఆ తెలుగు టీచరు ఒకనాడు ఉద్యోగం వదిలి ఇంగ్లండు ఓడ ఎక్కేశాడు. హెడ్‌మాస్టర్ మా గదిలోకి వచ్చి సంగతి చెప్పారు. కొత్త టర్ము మొదలయ్యేలోగా ఎవరూ దొరక్కపోతే ఆ చుట్టుపక్కల స్కూళ్లలో తెలుగు పాఠం ఆపేస్తారు. తెలుగు పిల్లల్ని హిందీలో కూర్చోబెడతారు, లేదా ఆటకి వదిలేస్తారు. "ఒకసారి ఆపితే మళ్లీ మొదలుపెట్టరు, మీకు తెలుసు కదా," అన్నారు. ఆయన తెలుగువాడు కాదు, ఆయనకి ఆ భాష ఒక్క ముక్క రాదు. అయినా ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన ముఖంలో ఉన్న బాధ మా వాళ్లలో ఒక్కరి ముఖంలోనూ కనపడలేదు. "కి పు ఫెర్," అన్నారు గదిలో ఎవరో.

ఆ శనివారం క్లాసులకి వెళ్లి తెలుగు పరీక్ష పాసైన టీచరు ఆ దరిదాపుల్లో నేనొక్కదాన్నే. అది అందరికీ తెలుసు. కానీ ఎవరూ నా వైపు చూడలేదు. ఆరో క్లాసు చెప్పే మనిషిని లావరాంగ్‌కి వెళ్తావా అని అడగడం తిట్టినట్టు ఉంటుందని మర్యాదకి ఊరుకున్నారు. ఆ మర్యాదే నన్ను రెచ్చగొట్టింది.

"నేను వెళ్తాను," అన్నాను.

హెడ్‌మాస్టర్ నన్ను తన గదికి పిలిచి, తలుపు మూసి, నెమ్మదిగా మాట్లాడారు. రెండు పనులూ చేయడం కుదరదు, ఊళ్లు తిరగాలి. ఆరో క్లాసు వదులుకోవాలి. మళ్లీ దొరుకుతుందన్న హామీ లేదు. "ఆలోచించండి, మిస్. తలుపున్న క్లాసు వదిలి తలుపులేని చోటికి ఎవరైనా వెళ్తారా?" అని క్రియోల్‌లో అడిగారు.

"పాఠం చెప్పేది తలుపుకి కాదు కదా, మిస్యే," అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ క్లాసు ఐదో క్లాసు మాస్టారికి ఇచ్చారు. ఆయన నా చెయ్యి పట్టుకుని, "నీ మేలు మరువను, మిస్. నీ తల మాత్రం ఒకసారి డాక్టరుకి చూపించు," అన్నాడు.

ఇక్కడ ఎవరైనా త్యాగం అనే మాట తెస్తే నేను లేచిపోతాను. త్యాగం లేదు, గీగం లేదు. ఆరో క్లాసులో నేను పాఠం చెప్పింది పిల్లలకి కాదు, పరీక్షకి. పిల్లలు కూడా నన్ను చూసేవాళ్లు కాదు, నా వెనక నిలబడ్డ పరీక్షని చూసేవాళ్లు. తెలుగు అలా కాదు. చిన్నప్పుడు మా ఊరి మందిరం అరుగు మీద భజన నడిపే తాత నాకు తెలుగు నేర్పాడు. అప్పట్లో దానివల్ల ఏ ఉద్యోగమూ రాదు, దానికి ఏ పరీక్షా లేదు. అయినా చెరకు చేల నుంచి బురద కాళ్లతో వచ్చి కూర్చునేవాళ్లం. తాత ఒక పాటలో లైను చదివి, అర్థం చెప్పి, ముసిముసిగా నవ్వేవాడు, తన సొత్తేదో మాకు చూపిస్తున్నట్టు. ఆ నవ్వు నాక్కావాలనిపించింది. అంతే సంగతి. ఇష్టమైన పనిని ఇష్టమని చెప్పుకోవడానికి ఇంత ధైర్యం కావాల్సి రావడమే విడ్డూరం.

ఇంట్లో చెప్పినప్పుడు అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది.

"ఎవర్ని కొట్టినావు?" అంది.

"ఎవర్నీ కొట్టలేదు."

"మరి ఎందుకు తీసేసినారు?"

"తీసెయ్యలేదమ్మా. నేనే అడిగి వెళ్తున్నా."

"నీకు లాతెత్ పాడైందా, అమ్మాయ్?" అంది తల చూపిస్తూ. "సిజియెమ్ వదిలి లావరాంగ్ ఎవరన్నా అడుగుతారా? నాకు చెప్పు. ఎవరితో తగువు పడినావు? నేను పోయి హెడ్‌మాస్టర్ కాళ్లు పట్టుకుంటా."

ఎంత చెప్పినా నమ్మలేదు. ఊరు కూడా నమ్మలేదు. కూతురు తప్పు చేసి ఉంటుంది, తల్లి కప్పిపుచ్చుతోంది అనుకున్నారు. లాబుతిక్ మామ స్టూలు వేయడం మానలేదు, కానీ ఇప్పుడు ఆ స్టూలు జాలితో వేసేవాడు. సరుకు కట్టేటప్పుడు అడక్కుండానే ఏలకులు నాలుగు చేతిలో పెట్టి, "మంచిరోజులు వస్తాయి, తల్లీ," అనేవాడు. ఇలా జాలిపడింది మా తెలుగువాళ్లే. ఎవరి పిల్లలకి నేను తెలుగు చెప్తున్నానో వాళ్లే.

లావరాంగ్‌లో పని తేలికని నేను చెప్పను. మా ఎత్తు ఊళ్లలో ఎప్పుడు చూసినా సన్నటి జల్లు. గాలి తిరిగితే చినుకులు నేరుగా పలకల మీద పడేవి. పిల్లల్ని గోడకి జరిపి, నేను చూరు వైపు కూర్చునేదాన్ని. అది భరించాను. భరించలేనిది ఇంకోటి. గది లోపలున్న క్లాసు జోలికి ఎవరూ పోరు. హెడ్‌మాస్టరైనా తలుపు తట్టి, లోపలి టీచరు రమ్మనేదాకా ఆగుతారు. అది ఆయన పెట్టిన నియమమే. లావరాంగ్ కాబట్టి మా మధ్యలోంచి ఎవరైనా నడిచిపోవచ్చు. బెంచీలు మోయడానికి పిల్లాడు కావాలంటే మా దగ్గర్నుంచే పిలిచేవాళ్లు. టీ గ్లాసులు కడగడానికి, చెత్త ఎత్తడానికి, కబురు మోయడానికి మా పిల్లలే. "పాఠం జరుగుతోంది," అంటే, "లావరాంగే కదా, మిస్," అనేవాళ్లు. మర్యాదగానే అనేవాళ్లు. ఆ మర్యాదతో నాకు పళ్లు కొరుక్కునేంత కోపం వచ్చేది.

అయినా నేను ఇష్టపడి వచ్చిన పని ఎలాంటిదో తెలియాలంటే మందిరం గుమ్మం సంగతి చెప్పాలి. మా మందిరం గుమ్మం పైన చెక్క మీద తెలుగులో ఒక వాక్యం రాసి ఉంటుంది. మావాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లే తక్కువ, పెద్దవాళ్లు తప్ప ఇళ్లలో అంతా క్రియోలే. చదవగలిగేవాళ్లు వేళ్ల మీద ఉంటారు. అందుకని ఆ చెక్క మీదున్నది ఏదో మంత్రం అనుకుని, లోపలికి వెళ్లేముందు దానికి దణ్ణం పెట్టడం ఆనవాయితీ అయిపోయింది. ఆడవాళ్లు పసుపు రాసేవాళ్లు. లాబుతిక్ మామ కళ్లకి అద్దుకునేవాడు. ఒక శనివారం పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి, చదవమన్నాను. ఒక పిల్ల మెడ పైకెత్తి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. "చెప్పులు ఇక్కడ విడువవలెను."

పిల్లలు గచ్చు మీద పడి నవ్వారు. నేనూ నవ్వాను. మామ అక్కడే ఉన్నాడు, చెప్పులు చేతిలో పట్టుకుని. "నా జీవితం అంతా చెప్పులకి దణ్ణం పెట్టినానా?" అని అడిగాడు. ఆ పిల్ల ఆయనకి వేలు పెట్టి మళ్లీ చదివి చూపించింది. ఆయన చెప్పులు కింద పెట్టి, ఒక్క క్షణం ఆలోచించి, అలవాటు కొద్దీ మళ్లీ దణ్ణం పెట్టి లోపలికి పోయాడు. ఆ పిల్ల ముఖం చూడాల్సింది. మొత్తం ఊరికి తెలియనిది తనకి తెలిసింది. అలాంటి ముఖం ఆరో క్లాసులో నాకు ఒక్కసారి కూడా కనపడలేదు. ఈ ఉద్యోగంలో ఏముంది అని అడిగేవాళ్లకి ఇది చాలకపోతే, వాళ్లకి చెప్పడానికి నా దగ్గర ఇంకేం లేదు.

ఇంతలో అమ్మ మొక్కు మొక్కింది. నా క్లాసు నాకు తిరిగి వస్తే సింహాద్రి అప్పన్న స్వామికి పూజ చేయిస్తానని, అంతకుముందు మందిరంలో రామభజన పెట్టిస్తానని. ఎవరి మొక్కో, ఏం కోరికో భజన మొదట్లో పైకి చెప్పడం మా ఊరి ఆచారం. నాకు ముందు చెప్పలేదు. శనివారం సాయంత్రం భజన ఉంది రమ్మంటే మామూలుదే అనుకుని వెళ్లాను.

మందిరం మధ్యలో నిలువెత్తు ఇత్తడి దీపం వెలుగుతోంది. దాని చుట్టూ మగవాళ్లు తాళాలు పట్టుకుని నిలబడ్డారు. భజనలో ఆ దీపం చుట్టూ తిరుగుతూ పాడతారు. తాత దీపం ముందుకి వచ్చాడు. నాకు అక్షరాలు నేర్పిన ఆ తాతే. కళ్లు మూసుకుని చెప్పాడు.

"స్వామీ, ఈ పిల్లకి పోయిన క్లాసు మళ్లీ ఇప్పించు. ఈ లావరాంగ్ నుంచి దాన్ని విడిపించు."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడ్డాను. తెలుగు పాఠం నుంచి నన్ను విడిపించమని మా తెలుగువాళ్లంతా కూడి, తెలుగులో దేవుడికి మొక్కుతున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, చివరికి రెండూ కాలేదు, నోరు లేచింది.

"తాతా, ఆ మాట వెనక్కి తీసుకోండి," అన్నాను.

అమ్మ నా కొంగు పట్టి లాగింది. "కూర్చో, పరువు తీయకు," అంది.

"దేవుడికి చెప్పిన మాట వెనక్కి ఎట్లా వస్తుంది, తల్లీ?" అన్నాడు తాత.

"నా క్లాసు పోలేదు. నేనే వదిలేశాను."

"తెలుసు," అన్నాడు. అందరూ ఆయన వైపు తిరిగారు. "వీళ్లకి తెలీదు, నాకు తెలుసు. నిన్ను తోసేసి ఉంటే ఆఫీసుకి పోయి నేనే అడిగేవాణ్ణి. నువ్వే దూకినావు. దూకినోళ్లని దేవుడే లాగాలి."

"మీ అరుగు మీద కూర్చునే కదా నేను నేర్చుకున్నది."

"అందుకే చెప్తున్నా." ఆయన గొంతు తగ్గింది. "నా వయసంతా ఆ అరుగు మీదనే పోయింది. దండలు వేసినారు. దణ్ణాలు పెట్టినారు. 'నా కొడుకు మీ లాగా అవ్వాలి' అని వాళ్లలో ఒక్కడన్నా అన్నాడా? నేనే అన్లేదు. నా మనవణ్ణి నేనే ఆఫీసులో గుమాస్తాగా పెట్టించినా. ఆ గుమ్మం మీద రాసింది గూడా నేనే. దానికి దణ్ణం పెడుతున్నారని చూసి ఊరుకున్నా. దణ్ణం పెట్టేవాళ్లన్నా ఉన్నారు, చదివేవాళ్లు ఎట్లాగూ లేరు అనుకున్నా. నా మనవడికి వద్దన్న పనిలోకి నిన్ను ఏ నోటితో రమ్మనేది?"

ఆయన మీద నాకు జాలి కలిగింది, దాంతో పాటు కోపమూ పెరిగింది. అందరూ ఈ పనిని తక్కువ చేస్తే భరించగలను. దాన్ని అంత అందంగా చేసిన మనిషే తక్కువ చేస్తే ఎలా?

"మీరు రమ్మనలేదు. నేనే వచ్చాను," అన్నాను. "ఒక్క మాట చెప్పండి, తాతా. దీపం ముట్టుకుని చెప్పండి. ఆ అరుగు మీద మాకు చెప్పిన రోజుల్లో, ఒక్కరోజైనా ఈ పని వద్దనిపించిందా?"

ఆయన చెయ్యి దీపం దాకా వెళ్లింది. అక్కడే ఆగింది. అబద్ధం చెప్పడానికి ఆయనకి చెయ్యి రాలేదు, నిజం చెప్పడానికి నోరు రాలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని తాళాలు అందుకున్నాడు.

"పాట ఎత్తండి," అన్నాడు.

దీపం చుట్టూ తిరగడం మొదలైంది. నేను కూర్చోలేదు, వెళ్లిపోలేదు. గోడకి ఆనుకుని నిలబడి పాడాను. ఆయన నా ముందు నుంచి పోయినప్పుడల్లా నా వైపు చూసి తల పంకించాడు. మొక్కు మాత్రం వెనక్కి తీసుకోలేదు, మొండి మనిషి.

ఇంటికి వెళ్లే దారిలో అమ్మ నాకన్నా పది అడుగులు ముందు నడిచింది. గుమ్మంలో కాళ్లు కడుక్కుంటూ, "నువ్వు దేవుడికి ఏమన్నా చెప్పుకో. నేను ముందు చెప్పినా," అంది.

అమ్మ మొక్కు ఫలించింది. నిజంగానే. టర్ము సగంలో ఐదో క్లాసు మాస్టారికి ఇంగ్లండు నుంచి పిలుపొచ్చింది. ఆరో క్లాసుని పరీక్షకి ముందు అలా వదిలేసి, అందరికీ మిఠాయిలు పంచి, పోర్ట్ లూయిస్‌లో ఓడ ఎక్కడానికి సిద్ధమైపోయాడు. "నేను చెప్పలేదా, మిస్, నేను పోతానని," అన్నాడు నా చేతిలో మిఠాయి పెడుతూ. కళ్లలో నీళ్లున్నాయి. పిల్లల్ని వదలడం ఆయనకి కష్టంగానే ఉంది. అది కూడా చెప్పాలి.

పిల్లల తల్లిదండ్రులు హెడ్‌మాస్టర్ గది ముందు గుమిగూడారు. ఆరో క్లాసు అనుభవం ఉన్నది ఇక నాకొక్కదానికే. నేను వెనక్కి వెళ్తే తెలుగు పాఠం అక్కడితో ముగుస్తుంది, ఇంకెవరూ లేరు. నేను వెళ్లకపోతే ఆరో క్లాసు ఇంకెప్పటికీ నా చేతికి రాదు. టీచర్ల గదిలో అందరూ నాకు ముందే అభినందనలు చెప్పేశారు. నేను నా టీ గ్లాసు కడుక్కుని బయటికి వచ్చేశాను.

మర్నాడు పొద్దున లావరాంగ్‌లో పాఠం జరుగుతోంది. జల్లు పడుతోంది. మందిరం గుమ్మం చదివిన పిల్ల నిలబడి పాఠం చదువుతోంది. హెడ్‌మాస్టర్ తన గదిలోంచి బయటికి వచ్చి, ఆవరణ దాటి గొడుగు లేకుండా మా వైపు వచ్చారు. పిల్లలు పుస్తకాలు గచ్చు మీద వదిలి లేచారు.

"మిస్, ఒక్క నిమిషం. మీతో మాట్లాడాలి," అన్నారు.

ఆయన దేనికొచ్చారో నాకు తెలుసు. గదుల్లోంచి చూస్తున్న టీచర్లకీ తెలుసు. ఆయన చెప్పబోయేది మా అమ్మ కోరుకున్నదే, తాత కోరుకున్నదే. ఆ క్షణంలో నాకు భయం వేయలేదని చెప్పను. అయినా నోరు దాని దారిన అది పోయింది.

"కూర్చోండి," అన్నాను పిల్లలతో. వాళ్లు కూర్చున్నారు. ఆయన వైపు తిరిగాను. "మిస్యే, పాఠం జరుగుతోంది. గంట కొట్టాక మాట్లాడదాం."

ఆయన నన్ను చూశారు, పిల్లల్ని చూశారు. చినుకు పడని ఆ కాస్త జాగాలో పిల్లలే, నిలబడడానికి చోటు లేదు. కావాలంటే నన్ను కసురుకోవచ్చు, ఆయన హెడ్‌మాస్టరు, నేను ఊళ్లు తిరిగే టీచర్ని. కసురుకోలేదు. వెనక్కి అడుగేసి, చూరు దాటి, ఆవరణలో నిలబడ్డారు.

"మిస్, మిస్యే తడుస్తున్నాడు," అంది ఆ పిల్ల.

"చూశాను. నువ్వు చదువు."

చదివింది. మొదట ఒక అక్షరం తడబడింది. తర్వాత తడబడలేదు. మిగతా పిల్లలు కూడా ఒకరి తర్వాత ఒకరు లేచి చదివారు, ఎన్నడూ లేనంత గట్టిగా. గదుల గుమ్మాల్లో టీచర్లు నిలబడి చూస్తున్నారు. ఆ రోజు టీ గ్లాసులు కడగమని గానీ, బెంచీలు మొయ్యమని గానీ మా పిల్లల్ని ఎవరూ పిలవలేదు.

గంట కొట్టింది. పిల్లలు వెళ్లారు. హెడ్‌మాస్టర్ చూరు కిందికి వచ్చి కళ్లద్దాలు తుడుచుకున్నారు. చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"ఆరో క్లాసు ఖాళీగా ఉంది, మిస్," అన్నారు.

"రాను, మిస్యే."

"నేనింకా అడగలేదు."

"అడగండి. అయినా రాను."

ఆయన గచ్చు మీది పలకల్ని, బోర్డు మీద నేను రాసిన అక్షరాల్ని కాసేపు చూశారు. అవేమిటో ఆయనకి తెలియదు. జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు.

"సరే," అన్నారు. "ఈసారి మీ క్లాసుకి వచ్చేటప్పుడు గొడుగు తెచ్చుకుంటాను."